బిడ్డల చేతికి బొమ్మల పుస్తకము నందించిన కొమేనియస్ పండితుడు

రాత్రి భోజనములైన పిమ్మట వసారాలోని నులకమంచముపై చేరగిలబడి, మనుమని నొక ప్రక్కను మనుమరాలి నొక ప్రక్కను కూర్చుండబెట్టుకొని, మన గ్రంథాలయమునుండి తెచ్చిన బొమ్మల పుస్తకమును త్రిప్పుట కొంతకాలముగా నాకు నిత్యకృత్యమైనది. పగలెల్ల లెక్కలతోడను కొలతలతోడను గడచును. రాత్రి యీ పుటలతో గడచును. మనుమరాలికి నాలుగేండ్లు. అక్షరములు రావు. బొమ్మపై వ్రేలుంచి దాని పేరడుగును. నేను చెప్పుదును. మరునాటి రాత్రి అదే బొమ్మపై నా వ్రేలుంచి తానే నాకు చెప్పును. మనుమడు కాకి బొమ్మ కనబడగానే కాకివలె అరచి ఇల్లెల్ల మేలుకొలుపును. నిద్ర ముంచుకొని వచ్చుచున్నను ఇంకొక్క పుట యని ఇద్దరును పట్టుబట్టుదురు.

ఒకనాటి రాత్రి మనుమడు, తాతా, ఇట్టి పుస్తకమును మొట్టమొదట ఎవరు చేసిరని యడిగెను. భారత భాగవతములను నాయంతట నేను చదువుకొన్నవాడనే గాని, ఆ ప్రశ్నకు నాయొద్ద ప్రత్యుత్తరము లేకపోయెను. పసివాని ప్రశ్నకు బదులు చెప్పలేకపోవుట పెద్దలకు చిన్నతనము. అందుచే వెదకితిని. వెదకిన కొలది ఒక మహనీయుని చరిత్రము బయలుపడినది. మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు ఏదైన వ్రాయుమని కార్యదర్శిగారు కోరినప్పుడు, ఇంతకంటె తగిన విషయము నాకు తోచలేదు.

ఆ మహనీయుని పేరు యాన్ ఆమోస్ కొమెన్‌స్కీ. లాటిను రూపమున కొమేనియస్ అని లోకప్రసిద్ధుడు. ఐరోపా ఖండము నడుమ, నేటి చెక్ దేశములో భాగమైన మొరావియా సీమయందు 1592వ సంవత్సరము మార్చి 28వ తేదీన జన్మించెను. ఆయన కుటుంబము సహోదర సమాజమను చిన్న క్రైస్తవ శాఖకు చెందినది. 1415లో సజీవదహనమునకు గురియైన యాన్ హుస్ అను సంస్కర్త బోధలనుండి పుట్టిన శాఖ యది. సాదాతనము, కష్టించి పనిచేయుట, మాతృభాషలో చదువు వారి నియమములు.

పండ్రెండేండ్ల ప్రాయముననే ఆ బాలుడు తండ్రిని పోగొట్టుకొనెను. కొలదికాలములోనే తల్లియు, ఇద్దరు తోబుట్టువులును గతించిరి. మేనత్త చేరదీసెను. ఆ యూరును యుద్ధముపాలై తగులబడెను. చదువు చెదరిపోయెను. పదునారేండ్లు వచ్చిన పిమ్మట గాని లాటిను పాఠశాలలో చేరు భాగ్యము కలుగలేదు. తనకంటె చిన్నవారి నడుమ కూర్చుండి చదివిన ఆ ప్రాయము ఆయనకొక మేలు చేసెను. చిన్నపిల్లవాడైనచో దెబ్బలకు వెరచి ఊరకుండును. ఎదిగినవాడు గనుక ఆ బోధనలోని లోపమెల్ల కన్నులార చూచెను. అర్థము కాని సూత్రములను వల్లెవేయించుట, తప్పినచో బెత్తముతో కొట్టుట, ఇదియే నాటి విద్య. బడి యనునది పసిమనస్సులకు చెరసాల యైనదని ఆయన గ్రహించెను.

తరువాత జర్మనీలోని హెర్బోర్న్, హైడెల్‌బర్గు విద్యాపీఠములందు చదివెను. హైడెల్‌బర్గునందు ఒక పండితుని భార్యయొద్ద, ఆమె భర్త మరణానంతరము, కోపర్నికస్ స్వహస్తముతో వ్రాసిన గ్రంథపు ప్రతిని 1614లో కొనెను. భూమియే సూర్యుని చుట్టును తిరుగుచున్నదని చాటిన గ్రంథ మది. చేతిలోని ధనము చెల్లిపోగా ఇంటికి కాలినడకను బయలుదేరెను. పుస్తకము కొరకు బండికూలి వదలుకొనిన ఆ యువకుని తలచినప్పుడెల్ల, మన గ్రంథాలయమునకు మూడు మైళ్లు నడచివచ్చి చదువుకొని పోవు పొరుగూరి బాలురు నాకు జ్ఞప్తికి వత్తురు.

స్వదేశము చేరి ఉపాధ్యాయుడాయెను. 1616లో మతగురువాయెను. 1618లో ఫుల్నెక్ అను చిన్న పట్టణమున గురువుగను, బడిపెద్దగను కుదురుకొని వివాహమాడెను. ఇద్దరు బిడ్డలు కలిగిరి. బడి పిల్లలకు తేనెటీగలను పెంచు విధము సైతము నేర్పుచు సుఖముగ నుండెను. ఆ సుఖము మూడేండ్లకంటె నిలువలేదు.

1618లోనే ఐరోపాను ముప్పదేండ్లు దహించిన మహాయుద్ధము రగులుకొనెను. 1620 నవంబరు 8వ తేదీన ప్రాగు నగరమునకు చేరువనున్న శ్వేతగిరివద్ద జరిగిన పోరులో ఆయన పక్షమువారు ఓడిరి. మరుసటి యేడు ఫుల్నెక్ కొల్లగొట్టబడెను. సహోదర సమాజపు గురువులపై వేట మొదలాయెను. కొమేనియస్ అడవులందును, దయగల ప్రభువు నీడనును దాగవలసివచ్చెను. ఆయన దాగియున్న కాలమున, 1622లో, మహామారి సోకి భార్యయు, పసిబిడ్డ లిద్దరును మరణించిరి. ఆయన పుస్తకములు ఫుల్నెక్ నడివీధిలో కుప్పవేసి తగులబెట్టబడెను. ముప్పదేండ్ల ప్రాయమున ఆ మనుజునకు ఇల్లు లేదు, ఆలుబిడ్డలు లేరు, పుస్తకములు లేవు. కొంతకాలమునకు దేశమును లేదు.

1624లో మరల వివాహమాడెను. 1628లో తనవారితో కలసి కొండలు దాటి పోలండు దేశపు లెష్నో పట్టణమునకు వలసపోయెను. సరిహద్దున నిలిచి వెనుకకు తిరిగి మాతృభూమిని చూచియుండునేమో! మరల ఆ నేలపై నివసించు యోగ మాయనకు పట్టలేదు.

ఇట్టి దశలో సామాన్యుడు విధిని నిందించుచు కూర్చుండును. కొమేనియస్ బడిని గూర్చి ఆలోచించెను. ఒకరి నొకరు చంపుకొను ఈ పెద్దలు ఎక్కడినుండి వచ్చిరి? నిన్నటి పిల్లలే కదా! రేపటి పెద్దలను మేలైనవారినిగ చేయవలెనన్నచో నేటి పసివారియొద్దనుండియే పని మొదలిడవలెను. ఇది ఆయన నిశ్చయము. ఆ నిశ్చయమునుండియే మహాబోధనశాస్త్ర మను గ్రంథము పుట్టినది. అందు ఆయన నాలుగు మెట్ల విద్యను నిర్ణయించెను. ఇంటింట తల్లి ఒడి యను బడి. ఊరూర మాతృభాషా పాఠశాల. పట్టణమున లాటిను పాఠశాల. దేశమున విశ్వవిద్యాలయము. ఒక్కొక్క మెట్టునకు ఆరేండ్లు. మగపిల్లలకును ఆడపిల్లలకును, కలవారికిని లేనివారికిని తేడా లేకుండ అందరికిని చదువు కావలెనని ఘోషించెను. ఇది మూడు వందల తొంబదేండ్ల క్రిందటి మాట యని మరువరాదు.

తల్లి ఒడి బడికై ఆయన ప్రత్యేకముగ నొక పుస్తకమునే వ్రాసెను. అది 1633లో జర్మను భాషలో అచ్చుపడెను. ఆరేండ్లు నిండని బిడ్డను బడికి తరుమవద్దని అందు తల్లిదండ్రులకు బోధించెను. ఆటలు, పాటలు, కథలు, ఇంటిలోని వస్తువుల పేర్లు, ఆకాశములోని చంద్రుడు, దొడ్డిలోని పశువులు, ఇవియే ఆ వయస్సునకు పాఠములు. సుభద్ర గర్భముననున్న అభిమన్యుడు పద్మవ్యూహపు కథను వినెనని మన పెద్దలు చెప్పుదురు. చదువు బడిగడపవద్ద మొదలు కాదను సత్యము మనకు క్రొత్తది కాదు. అయితే పసివానికి ఏమి చెప్పవలెను, ఏ వయస్సున చెప్పవలెను, ఎట్లు చెప్పవలెను అని క్రమముగ విభజించి తల్లులకు విన్నవించిన గ్రంథము లరుదు. ఆ వయస్సు బిడ్డ చేతికి బొమ్మల పుస్తక మొకటి ఇయ్యవలెనని మహాబోధనశాస్త్రములోనే సూచించెను. అప్పటికట్టి పుస్తకము లేదు. చేయవలసినవాడు తానే యని ఇంకను ఎరుగడు.

1631లో ఆయన ప్రకటించిన భాషాద్వార మను లాటిను వాచకము ఆయన కీర్తిని దేశదేశములకు కొనిపోయెను. లోకములోని వస్తువులను వరుసపెట్టి, వాని పేర్లను చిన్నచిన్న వాక్యములలో కూర్చి, భాషను వస్తువుతోపాటు నేర్పు పద్ధతి యది. ఇచ్చట నా యనుభవ మొకటి మనవి చేయుట తప్పు కాదనుకొందును. చిన్ననాట అమరకోశమును కంఠస్థము చేసితిని. స్వర్గవర్గమునుండి వరుసగ లోకమునెల్ల పేర్లతో నింపిన ఆ గ్రంథము మహత్తరమైనది. కోవిదారమను వృక్షనామమును తడుముకొనకుండ చెప్పగలిగితిని. అది మా దొడ్డిలో నిత్యము నీరుపోయు దేవకాంచనపు చెట్టేయని తెలియుటకు మాత్రము ఏండ్లు పట్టినది. నోటికి వచ్చిన పేరు కంటికి రాలేదు. తప్పు అమరసింహునిది కాదు. చెట్టుక్రింద నిలువబెట్టి ఆ పేరు చెప్పువారు లేకపోవుటయే లోపము. కొమేనియస్ పట్టుకొన్న రోగము సరిగ నిదియే. వస్తువు వేరు, మాట వేరు అయిన చదువు పొట్టు దంచుటవంటిదని ఆయన భావము.

కీర్తితోపాటు ఆహ్వానములును వచ్చెను. 1641లో ఇంగ్లండు వారి పిలుపునందుకొని లండను చేరెను. అచ్చట అంతర్యుద్ధము ముంచుకొని రాగా వెడలిపోయెను. 1642లో హాలండులో డెకార్ట్ అను తత్త్వవేత్తను కలిసి ముచ్చటించెను. స్వీడను ప్రభుత్వమువారికి పాఠ్యగ్రంథములు వ్రాసిపెట్టెను. 1648లో మహాయుద్ధము ముగిసెను. సంధిపత్రములలో తనవారికి స్వదేశము దక్కునని ఆశపడెను. ఆ ఆశ వమ్మయ్యెను. అదే యేడు రెండవ భార్యయు కన్నుమూసెను. సహోదర సమాజపు పెద్దగురువు భారము కూడ ఆ యేడే ఆయన భుజములపై పడెను.

1650లో హంగరీ దేశములోని సారోష్‌పటాక్ అను ఊరి పాఠశాలను చక్కదిద్దుటకు వెళ్లెను. అచ్చటి బాలురు తాను వ్రాసిన వాచకములను సైతము అందుకొనలేకపోవుచుండిరి. పండితు డిక్కడ రెండు విధముల ప్రవర్తింపవచ్చును. పిల్లలు మందమతులని తీర్పు చెప్పవచ్చును. లేదా తన పుస్తకమే కఠినమైనదని ఒప్పుకొనవచ్చును. కొమేనియస్ రెండవది చేసెను. లోకప్రసిద్ధి చెందిన తన గ్రంథమును ప్రక్కకు నెట్టి, ఇంకను తేలికయైనదానిని, మాటకు మాట బొమ్మతో చూపుదానిని వ్రాయ మొదలిడెను. ఆయన గొప్పతనమంతయు ఈ ఒక్క పనిలో నాకు కానవచ్చుచున్నది. మూర్ఖులైన రాజపుత్రులకు విష్ణుశర్మ మృగముల కథలతో నీతి నేర్పెనని పంచతంత్రమున వినుచున్నాము. విష్ణుశర్మ ముగ్గురు రాజకుమారుల కొరకు చేసినదానిని, ఈయన పేరు లేని బాలకోటి కొరకు చేసెను.

బొమ్మలు చెక్కు పనివారు ఆ యూర దొరకలేదు. వ్రాతప్రతి జర్మనీలోని న్యూరెంబర్గు నగరమునకు పోయెను. కట్టెదిమ్మెలపై బొమ్మలు చెక్కించుటకు ఏండ్లు పట్టెను. ఈలోపల ఆయన లెష్నోకు తిరిగివచ్చెను. 1656లో ఆ పట్టణము తగులబడెను. పోలండుపై దండెత్తిన స్వీడను రాజును కొమేనియస్ పొగడుచు వ్రాసియుండెను. మతము విషయమున తనవారికి మేలు కలుగునని ఆయన తలచెను. ఆశ్రయమిచ్చిన దేశమునకు అది కంటకమాయెను. మంటలలో ఆయన ఇల్లును, పుస్తకములును, వ్రాతప్రతులును పోయెను. నలువది యేండ్లకు పైగా పాటుపడి కూర్చిన మాతృభాషా నిఘంటువు కూడ భస్మమాయెను. ఇది ఆయన చేజేతుల తెచ్చుకొన్న కీడని విమర్శించువారు కలరు. భవిష్యత్తును చెప్పెదమన్న వారి మాటలను నమ్మి, వానిని అచ్చువేయించి నవ్వులపాలగుటయు కలదు. మహనీయుల చరిత్ర వ్రాయుచు వారి పొరపాటులను దాచుట లెక్కలలో ఖర్చు పద్దు దాచుటవంటిది. అది నా వృత్తికి తగదు.

అరువదినాలుగేండ్ల ముదిమిలో సర్వమును పోగొట్టుకొని ఆమ్‌స్టర్‌డామ్ నగరమున ఒక ధనికుని ఆశ్రయము పొందెను. రెండేండ్లకు, 1658లో, న్యూరెంబర్గున ఆ బొమ్మల పుస్తకము వెలువడెను. లాటినున దాని పేరు ఆర్బిస్ సెన్సువాలియం పిక్టస్. కంటికి కనబడు లోకము చిత్రములలో అని దాని తాత్పర్యము. పిల్లల చదువునకై అచ్చుపడిన బొమ్మల పుస్తకములలో ఇదియే తొలి మహాగ్రంథమని విద్వాంసు లెన్నుదురు.

దాని తీరు వినుడు. మొదట ఒక గురువు, ఒక బాలుడు. గురువు పిలుచును, బాలుడు జంకుచు దగ్గరకు వచ్చును. తరువాత అక్షరమాల. ఒక్కొక్క అక్షరమునకు ఒక్కొక్క ప్రాణి, దాని కూత. కాకి అరుపునుండి ఒక అక్షరము, గొఱ్ఱె అరుపునుండి ఒక అక్షరము, పసిపాప యేడుపునుండి ఒక అక్షరము నేర్పును. మా మనుమడు కాకివలె అరచుట అల్లరి యని కసరుకొంటిని గాని, అది శాస్త్రసమ్మతమని అప్పుడు తెలిసికొంటిని. పిమ్మట నూటయేబది అధ్యాయములు. ఒక్కొక్కదానికి ఒక బొమ్మ. నిప్పు, నీరు, మబ్బు, లోహములు, చెట్లు, పక్షులు, చేపలు, మనుష్యుని యేడు వయస్సులు, దున్నుట, రొట్టె చేయుట, తేనె తీయుట, దర్జీ, వడ్రంగి, మంగలి, బడి, అచ్చుకూటము, న్యాయస్థానము, నక్షత్రములు. బొమ్మలోని ప్రతి వస్తువుపై ఒక అంకె యుండును. ప్రక్క వాక్యములలో అదే అంకె ఆ వస్తువు పేరువద్ద నుండును. ఒక వరుసలో లాటిను, ఒక వరుసలో బిడ్డ మాతృభాష. మన ప్రతిపదార్థ పద్ధతికి బొమ్మ తోడైనట్లు ఊహించుకొనుడు. కంటికి కనబడని ఆత్మకు బొమ్మ యెట్లు? చుక్కలతో నింపిన మానవాకృతిని గీయించి ఆ చిక్కును కూడ దాటెను.

అందు తప్పులును కలవు. కోపర్నికస్ వ్రాతప్రతిని యౌవనమున కొనినవాడే, ఈ పుస్తకమున భూమి నడుమ నిలిచియున్నదనియు, ఆకాశము దానిచుట్టును తిరుగుచున్నదనియు వ్రాసెను. చేతిలో పుస్తకమున్నంత మాత్రమున అందలి సత్యము మనసున కెక్కదని దీనివలన మనము నేర్చుకొనవచ్చును.

ఈ పుస్తకము నుపయోగించు విధమును పీఠికలో ఆయనయే వివరించెను. బడికి పోకముందే ఇంటివద్ద పిల్లల చేతికి దీని నియ్యవలెను. వారి ఇష్టము వచ్చినట్లు బొమ్మలు చూచుకొని ఆనందింపనీయవలెను. పిమ్మట ఇది యేమి, అది యేమి యని అడుగుచు, వారిచేత చెప్పించుచుండవలెను. వీలైనచోట బొమ్మతో ఆగక, ఆ వస్తువునే చూపవలెను. పిల్లలు ఆ బొమ్మలను తామును గీయుదుమన్నచో వారింపక ప్రోత్సహింపవలెను. 

మరుసటి సంవత్సరము, 1659లో, అది ఇంగ్లీషున వెలువడెను. తరువాత ఐరోపాలోని అనేక భాషలలో తరతరముల బిడ్డలు దానిని చూచిరి. జర్మను మహాకవి గెటే తన బాల్యమున ఆ పుస్తకమును చూచినట్లు స్వీయచరిత్రలో చెప్పుకొనెను. ఆయన మాతృభాషయైన చెక్ మాత్రము ఆ పుటలలోనికి 1685లో గాని రాలేదు. అప్పటికి ఆయన మరణించి పదునైదేండ్లు గడచెను. మట్టిలో కలసిన ఆ పసిబిడ్డ లిద్దరి భాషలో ఆ బొమ్మల పేర్లను అచ్చున చూచుకొను భాగ్యము ఆ తండ్రికి లేకపోయెను.

1670 నవంబరు 15వ తేదీన ఆమ్‌స్టర్‌డామ్‌లో కొమేనియస్ కన్నుమూసెను. చేరువనున్న నార్డెన్ పట్టణమున ఆయన దేహమునకు విశ్రాంతి దొరకెను. బ్రతికియుండగా నిలువనీడ లేకుండ తరిమిన జన్మభూమిలో నేడు మార్చి 28వ తేదీ ఉపాధ్యాయ దినోత్సవము. ఆ దేశపు రెండు వందల క్రౌనుల నోటుపై ఆయన ముఖబింబము ముద్రింపబడినది. ఆయన కొనిన కోపర్నికస్ వ్రాతప్రతి పోలండులోని క్రాకో విశ్వవిద్యాలయ గ్రంథాలయమున భద్రముగ నున్నది.

ప్రియ పాఠకులారా! ఈ కథను మీ ముందుంచుటకు కారణ మొక్కటే. మన గ్రంథాలయమున ఇరువదియైదేండ్లుగా కూడిన పుస్తకములలో పెద్దలు కోరునవి పురాణములు, నవలలు, వార్తాపత్రికలు. మూలనున్న అరలోని బొమ్మల పుస్తకములను పిల్లలు చింపివేయుదురని కొందరు ఇంటికి తీసికొనిపోరు. చినిగిన పుటను జిగురుతో అంటింపవచ్చును. చూపక గడచిన బాల్యమును దేనితోను అంటింపజాలము. చదువురాని తల్లియైనను, అవ్వయైనను బొమ్మ చూపి పేరు చెప్పగలదు. దానికి లాటిను అక్కరలేదు, సంస్కృతము అక్కరలేదు. ప్రక్కన కూర్చుండు ఓపిక చాలును.

ఇల్లు, వాకిలి, బిడ్డలు, పుస్తకములు, దేశము అన్నియు పోయినవాడు లోకములోని బిడ్డలందరికిని ఒక పుస్తకము నిచ్చిపోయెను. అన్నియు కలిగిన మనము నిద్రకు ముందొక పావుగంట మన బిడ్డల కియ్యలేమా? ఆ రాత్రి నేను మనుమని ప్రశ్నకు బదులు చెప్పుట మొదలుపెట్టితిని. కథ సగము కాకముందే వాడు నిద్రించెను. మనుమరాలు మాత్రము మేలుకొనియుండి, ఆ తాత బిడ్డలేమైరని యడిగెను. నేను మాటాడక పుట త్రిప్పితిని. తరువాతి బొమ్మ చంద్రుడు. దానిపై వ్రేలుంచి తానే పేరు చెప్పి కన్నులు మూసికొనెను.

మన గ్రంథాలయము శతమానము వర్ధిల్లుగాక! అందలి బొమ్మల పుస్తకములు పిల్లల చేతులలో నలిగి నలిగి అరిగిపోవుగాక!